శాంథోమ్ పక్కన చెన్నపట్నం: 110 ఏళ్ల పొరుగు

అడిగిన ప్రశ్న ఇది: 17వ శతాబ్దంలో శాంథోమ్‌లో పోర్చుగీసువారు, దానికి ఐదు కిలోమీటర్ల దూరంలోని చెన్నపట్నంలో ఇంగ్లీషువారు ఉండేవారు గదా, ఆ రెండు పట్నాలూ శత్రువులా, మిత్రులా? ఇంత దగ్గరగా ఉండి కూడా అవి ఒకటి కావడానికి 1749 దాకా ఎందుకు పట్టింది?

సెయింట్ జార్జి కోట సంప్రదింపుల పుస్తకాలనూ, ఆ కాలపు కౌళ్లనూ (పాలకులు రాసిచ్చిన హక్కు పత్రాలనూ) చాలా ఏళ్లుగా చదువుతున్నవాడిగా నా అభిప్రాయం మొదటే చెబుతాను. శత్రుత్వం, మిత్రత్వం అనే మాటలతో ఆ సంబంధం అర్థం కాదు. ఆ తీరంలో పట్నానికి బలం కోటగోడ కాదు, జనం. నేతగాళ్లు, అద్దకంవాళ్లు, చాకళ్లు, పడవవాళ్లు, రెండు వైపులా మాట చెప్పే దుబాసీలు, అప్పు పెట్టగల వర్తకులు ఎక్కడ ఉంటే రేవు అక్కడ ఉండేది. వాళ్లు లేచిపోతే ఎంత పెద్ద కోట అయినా ఉత్త ఇటుకల కుప్పే. కాబట్టి పొరుగు పట్నం అంటే, మన జనం కోపం వస్తే నడిచి వెళ్లిపోగల చోటు. శాంథోమ్‌కూ చెన్నపట్నానికీ మధ్య జరిగినవాటిలో నాకు ముఖ్యంగా తోచినవన్నీ ఈ ఒక్క విషయం చుట్టూ తిరిగినవే.

కథ ఇంగ్లీషువారితో మొదలుకాలేదు. మైలాపూర్ అంతకు చాలా ముందునుంచీ ఉన్న ఊరు. యేసు శిష్యుడైన తోమా అపొస్తలుడి సమాధి అక్కడ ఉందన్న నమ్మకంతో పోర్చుగీసువారు 1520ల నుంచి ఆ చోట స్థిరపడ్డారు. మన పాత తెలుగులో బుడతకీచులు అన్నది వీరినే. పరంగులు అన్న మాట కూడా వీరితోనే వ్యాపించింది. గోవాలోని వైస్రాయి పట్టు ఇక్కడ అంతంత మాత్రమే. పెళ్లిళ్లు చేసుకుని ఇళ్లు కట్టుకున్న వర్తకుల ఊరిగా శాంథోమ్ పెరిగింది. 1606లో దానికి సొంత బిషప్పు కూడా వచ్చాడు. ఉత్తరాన యాభై కిలోమీటర్లకు పైచిలుకు దూరంలో పులికాట్ ఉంది. మన వాళ్లు ఆ సరస్సును ప్రళయకావేరి అంటారు. మలయా దీవులకు వెళ్లే రంగు గుడ్డల ఎగుమతికి అది ఆ తీరంలో పేరున్న రేవు.

1610లో అరవీటి వేంకటపతి రాయలు పులికాట్‌లో వర్తకానికి డచ్చివారికి అనుమతి ఇచ్చాడు. శాంథోమ్ దీన్ని సహించలేదు. 1612లో శాంథోమ్ నుంచి వచ్చిన పోర్చుగీసు దండు పులికాట్‌లోని డచ్చి కొఠీని, అంటే వర్తక స్థావరాన్ని, ధ్వంసం చేసింది. దాని ఫలితం శాంథోమ్ అనుకున్నదానికి సరిగ్గా వ్యతిరేకంగా వచ్చింది. మరుసటి ఏడే, అంటే 1613లో, డచ్చివారు అక్కడ గెల్డ్రియా కోట లేపారు. ఆ తరవాత చాలా ఏళ్లు వారి ఓడలు శాంథోమ్ రేవును దిగ్బంధిస్తూ వచ్చాయి. అచ్యుతప్ప చెట్టి, అతని తమ్ముడు చిన్నన్న చెట్టి అనే బలిజ వర్తకులు పులికాట్‌లో డచ్చివారికి ప్రధాన వర్తకులుగా ఉంటూనే చుట్టుపక్కల రాజకీయాలలోనూ గట్టిగా చేయి పెట్టారు. ఐరోపావారు ఏ పేరుతో ఓడలు నడిపినా, గుడ్డ సేకరించి తెచ్చేది, బయానా పంచేది, నాయకుల దగ్గర మాట చెల్లించుకునేది తెలుగు, తమిళ వర్తకులే. ఈ పట్నాల తగవుల్లో వీరిని మరచిపోతే సగం కథ కనబడదు.

ఇక చెన్నపట్నం పుట్టుక. ఇంగ్లీషువారి కాగితాలు చదివితే ఫ్రాన్సిస్ డే అనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి మంచి గుడ్డ చవకగా దొరికే చోటు వెతుక్కుంటూ వచ్చి, 1639లో స్థానిక పాలకుడైన దామెర్ల వేంకటప్ప నాయకుడి దగ్గర అనుమతి పొందినట్టుగా ఉంటుంది. అది నిజమే. అయితే మన వైపు నుంచి ఇంకొక మాట ఉంది, చరిత్ర పుస్తకాలలో దానికి రావలసినంత చోటు రాలేదని నా బాధ. దామెర్ల సోదరులలో ఒకడైన అంకభూపాలుడు తెలుగులో ఉషాపరిణయం రాశాడు. అందులో తన వంశాన్ని చెప్పేటప్పుడు, ప్రళయకావేరిలోని డచ్చివారికీ మైలాపూరులోని పోర్చుగీసువారికీ పడక తరచుగా పోట్లాటలు జరుగుతుంటే, తన అన్న అయ్యప్ప నాయకుడు ఆ రెంటికీ నడుమ తండ్రి చెన్నప్ప పేరుతో చెన్నపట్నాన్ని నిలబెట్టాడని చెప్పాడు. వేంకటప్ప వందవాసి వైపు ఉండగా, అయ్యప్ప పూనమల్లిలో ఉండి ఈ తీరాన్ని చూసుకునేవాడు. కావ్యంలో తమ్ముడు అన్నను పొగడడం సహజమే. కాని ఆ పొగడ్తకు ఎంచుకున్న విషయం గమనించండి. ఊరు కట్టాడని ఊరుకోలేదు, కొట్టుకుంటున్న రెండు పట్నాల మధ్య మూడో పట్నం పెట్టాడని చెప్పాడు. స్థానిక పాలకుల దృష్టిలో చెన్నపట్నం మొదటి నుంచీ పొరుగు పట్నాల తగవుకు కనిపెట్టిన ఉపాయం. ఒకే కొనుగోలుదారు ఉంటే సుంకం తగ్గుతుంది, ముగ్గురుంటే ముగ్గురూ నాయకుడి దగ్గరికి కానుకలతో రావలసిందే.

ఇక శాంథోమ్ దీనికి ఎందుకు అడ్డుపడలేదన్నది సబబైన సందేహం. 1612లో పులికాట్ మీద పడిన ఊరు, ఐదు కిలోమీటర్ల దూరంలో ఇంగ్లీషువారు కోట కడుతుంటే చూస్తూ ఊరుకుంది. దీనికి కారణం 1635లో గోవాలో వైస్రాయి లిన్యారెస్‌కూ ఇంగ్లీషు కంపెనీ తరఫున మెత్వోల్డ్‌కూ కుదిరిన సంధి. అప్పటికే డచ్చివారి దిగ్బంధంతో చితికిపోయిన శాంథోమ్‌కు, డచ్చివారంటే పడని ఇంగ్లీషువారు పక్కన ఉండడం నష్టంగా కాక కొంత అండగానే తోచింది. డేకి శాంథోమ్‌లో ప్రియురాలు ఉందని, అందుకే ఆ చోటు ఎంచుకున్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది. చెప్పుకోవడానికి బాగుంటుంది గాని, గోవా సంధి, గుడ్డల ధర, అయ్యప్ప నాయకుడి పిలుపు, ఈ మూడూ కళ్లెదుట ఉండగా పట్నం పుట్టుకకు ఆ కథ అక్కరలేదు.

1640 ఫిబ్రవరిలో డే, అతని పై అధికారి ఆండ్రూ కోగన్ దుర్గరాజపట్నం దగ్గరి ఆర్మగావ్ కొఠీని విడిచి ఇక్కడికి వచ్చారు. వారితో వచ్చిన సైనికులు పాతికమందికి మించరు. రేవు లేదు. అలల మీద ఎగిరిపడే మసూలా పడవల్లోనే సరుకూ మనుషులూ ఒడ్డుకు చేరాలి. అటువంటి ఇసుక దిబ్బ మీద పట్నం ఎలా నిలబడింది? ఇక్కడ ఒక్క నిబంధనను దగ్గరగా చూడాలి. వచ్చి స్థిరపడేవారికి కంపెనీ పేర ప్రకటించినది ఏమంటే, తినేవాటి మీద, తాగేవాటి మీద, కట్టుకునేవాటి మీద పట్నవాసుల దగ్గర 30 ఏళ్లపాటు సుంకం తీసుకోబోమని. కోట బురుజులు పూర్తికావడానికి ఏళ్లు పట్టింది గాని ఈ మాట మాత్రం మొదట్లోనే వెళ్లిపోయింది. శాంథోమ్‌లో ఉన్న నేతగాడికి, పులికాట్‌లో ఉన్న అద్దకంవాడికి దీని అర్థం తేలిగ్గా తెలుస్తుంది. బియ్యం, ఉప్పు, తమలపాకుల మీద ప్రతి ఠాణాలోనూ చెల్లించుకుంటూ వచ్చిన మనిషికి 30 ఏళ్లంటే ఒక తరం. బేరి తిమ్మప్ప వంటి దుబాసీలు ఈ మాటను ఊరూరికీ చేర్చి జనాన్ని రప్పించారు. కోటకు ఉత్తరాన నల్లవారి పట్నం అలా పెరిగింది. 1641లో కంపెనీ తన కోరమాండల్ తీరపు ముఖ్య స్థానాన్ని మచిలీపట్నం నుంచి ఇక్కడికే మార్చింది.

వచ్చిన వారిలో శాంథోమ్ పోర్చుగీసువారు కూడా ఉన్నారు, తక్కువ మంది కాదు. ఇది చాలామందికి వింతగా తోస్తుంది. ఇంగ్లీషువారు ప్రొటెస్టెంట్లు, వీరు కేథలిక్కులు, ఐరోపాలో ఆ రెండు మతాల మధ్య రక్తం పారుతున్న కాలం అది. అయినా కోటలో ఇళ్లు కట్టుకునేందుకు వీరికి చోటిచ్చారు. కారణం అవసరమే. కంపెనీకి సైనికులు చాలరు. పోర్చుగీసు సంతతివారు, టోపాసులు అనే మిశ్రమ సంతతివారు తుపాకి పట్టగలరు, ఇక్కడి భాషలు మాట్లాడగలరు, ఎండకూ నీళ్లకూ అలవాటు పడ్డవారు. ఇంగ్లీషు సైనికులు వీరి ఇళ్లలోని ఆడపిల్లలను పెళ్లాడారు. ఆ తీరం పొడవునా ఐరోపావారికీ స్థానికులకూ మధ్య వ్యవహార భాష పోర్చుగీసే అయింది. 1698లో కంపెనీకి ఇచ్చిన చార్టరులో కోటలలోని పాదరీలు పోర్చుగీసు నేర్చుకోవాలని నిబంధన పెట్టవలసివచ్చింది. చెన్నపట్నపు వీధుల్లో వినిపించినది శాంథోమ్ మాటే అన్నమాట.

జనం కదిలితే ఎవరికి కోపం వస్తుందో చూడడానికి కపుచిన్లు అనే కేథలిక్ సన్యాసుల సంఘానికి చెందిన ఎఫ్రెమ్ కథ కంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. ఇతడు ఫ్రెంచివాడు, బర్మాలోని పెగూకు పోతూ 1642లో చెన్నపట్నంలో దిగాడు. పట్నంలోని కేథలిక్కులకు పాదరీ కావాలి, శాంథోమ్ పాదరీలు వచ్చిపోతూ ఉంటే తమ రహస్యాలు అటు చేరతాయని ఇంగ్లీషువారికి భయం. అందుకని ఇతడిని ఉండమని అడిగారు. అతడు ఉండిపోయి, గుడి కట్టించి బడి నడిపాడు. దీంతో చెన్నపట్నపు కేథలిక్కుల పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, సమాధులు, వాటితో వచ్చే కానుకలు శాంథోమ్ చేతిలోంచి జారిపోయాయి. 1649లో ఇతడిని ఏదో పని మీద శాంథోమ్‌కు రప్పించి, పట్టుకుని, గోవాలోని మతన్యాయస్థానానికి పంపించారు. రెండేళ్లకు పైగా అక్కడ నిర్బంధంలో ఉన్నాడు. 1652లో చెన్నపట్నానికి వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియర్ ఈ సంగతిని విపులంగా రాస్తూ, విడిచిపెట్టకపోతే శాంథోమ్ మీద దండెత్తుతామని గోల్కొండ సుల్తాను నుంచి బెదిరింపు వెళ్లిందని చెప్పాడు. ఒక కేథలిక్ సన్యాసి కోసం ప్రొటెస్టెంట్ల కోటా, మహమ్మదీయ సుల్తానూ ఒక కేథలిక్ పట్నం మీద ఒత్తిడి తెచ్చిన ఘట్టం ఇది. మతమే ఆ పట్నాల సంబంధాన్ని నడిపిందని చెప్పేవారు దీన్ని ఎలా వివరిస్తారో నాకు తెలియదు. నా లెక్కలో ఇది గుడికి వెళ్లే జనం ఎవరివారన్న తగవు.

గోల్కొండ పేరు ఎందుకు వచ్చిందో చెప్పాలి. 1645లో విజయనగర ప్రభువు శ్రీరంగరాయలు ఇంగ్లీషువారికి కౌలు ఇచ్చేటప్పుడు పట్నాన్ని శ్రీరంగరాయపట్నం అన్నాడు. ఆ పేరు నిలవలేదు, ఆయన అధికారమూ నిలవలేదు. మీర్ జుమ్లా నడిపిన గోల్కొండ సేనలు ఆ రెండు మూడేళ్లలోనే తీరమంతా ఆక్రమించాయి. ఇక్కడి నుంచి రెండు పట్నాలకూ పై సర్కారు ఒకటే, గోల్కొండ. చెన్నపట్నం సుంకంలో సగం వాటా పై ప్రభువుకు ఇచ్చే పద్ధతి పోయి, 1658లో ఏడాదికి 380 వరహాలుగా, 1672లో గోల్కొండ అధికారి నెక్‌నామ్ ఖాన్ కౌలుతో 1,200 వరహాలుగా స్థిరపడింది. సుంకం పెరిగేకొద్దీ వాటా పెరిగే లెక్క పోయి నిర్ణీత కప్పం వచ్చిందంటే, పట్నం ఎంత పెరిగితే అంత లాభం కంపెనీదే. శాంథోమ్‌కు అటువంటి ఒప్పందం లేదు. 1662లో గోల్కొండ దాన్ని పోర్చుగీసువారి చేతిలోంచి నేరుగా లాక్కుంది. అప్పుడు చాలా కుటుంబాలు ఉత్తరానికి నడిచి చెన్నపట్నం చేరాయి. ఒక పట్నం పతనం ఇంకొక పట్నానికి జనాభాగా మారడం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

పదేళ్ల తరవాత శాంథోమ్ మళ్లీ ముప్పుగా తిరిగివచ్చింది. 1672 జులైలో ఫ్రెంచి నౌకాధిపతి డె లా హే దాన్ని గోల్కొండ నుంచి పట్టుకున్నాడు. అప్పుడు గవర్నరుగా ఉన్న విలియం లాంగ్‌హార్న్ పరిస్థితి ఊహించండి. ఐరోపాలో ఇంగ్లండు, ఫ్రాన్సు కలిసి డచ్చివారితో యుద్ధం చేస్తున్నాయి, కాబట్టి శాంథోమ్‌లోని ఫ్రెంచివారు మిత్రులు. కాని చెన్నపట్నానికి భూమి ఇచ్చింది గోల్కొండ, శాంథోమ్‌ను ముట్టడిస్తున్నదీ గోల్కొండే. సముద్రం మీద గోల్కొండకు తోడు డచ్చి నౌకలు. 1673 సెప్టెంబరులో ఆంధ్ర తీరంలో పెదపల్లి, అంటే నేటి నిజాంపట్నం ఎదుట డచ్చివారి చేతిలో ఇంగ్లీషు ఓడలు దెబ్బతిన్నాయి కూడా. మిత్రుడికి సాయం చేస్తే భూస్వామికి కోపం, భూస్వామిని సంతోషపెడితే మిత్రుడికి ద్రోహం. లాంగ్‌హార్న్ ఎవరికీ పూర్తిగా చేయి అందించకుండా, ఎవరితోనూ పూర్తిగా చెడకుండా రెండేళ్లు నెట్టుకొచ్చాడు. ఆ రోజుల కాగితాలలో నాకు అతని మీద గౌరవం కలిగించినది ఆ ఓర్పే. 1674లో ఫ్రెంచివారు లొంగిపోయారు. ఆ ముట్టడి రోజుల్లోనే ఫ్రాన్సువా మార్టిన్ అనే ఫ్రెంచి కంపెనీ ఉద్యోగి దక్షిణాన పుదుచ్చేరిలో చిన్న చోటు చూసుకున్నాడు. శాంథోమ్ నిలిచి ఉంటే పుదుచ్చేరి అన్న ఫ్రెంచి పట్నం అవసరమే ఉండేది కాదేమో.

యుద్ధం ముగిసిన వెంటనే ఇంగ్లీషువారు పట్టుబట్టి చేయించిన పని శాంథోమ్ కోటగోడలను కూలగొట్టించడం. గోల్కొండ అధికారులను ఒప్పించి 1675లో ఆ పని పూర్తిచేయించారు. ఊరిని మాత్రం తమకు ఇమ్మని అంత గట్టిగా అడగలేదు. ప్రశ్నలో ఎందుకు ఆలస్యమైంది అన్నదానికి సగం జవాబు ఇక్కడే ఉంది. గోడలు లేని శాంథోమ్‌తో చెన్నపట్నానికి వెంటనే ప్రమాదం లేదు. దాన్ని తీసుకుంటే మాత్రం గోల్కొండతోనూ, హక్కు వదులుకోని పోర్చుగీసువారితోనూ తగవు తప్పదు, కాపలా ఖర్చు అదనం. కొద్ది దూరంలోని తిరువల్లిక్కేణిని 1676లో గుత్తకు తీసుకున్నవారు మైలాపూరును ముట్టుకోలేదంటే అది లెక్క వేసి చేసిన పనే.

అయితే కంపెనీ చేయనిది కంపెనీ వర్తకుడు చేశాడు. కాశి వీరన్న అనే తెలుగు వర్తకుడు ఆ రోజుల్లో చెన్నపట్నపు ప్రధాన వర్తకుడు. ఇతడు 1670లలో గోల్కొండ నుంచి శాంథోమ్ పట్నాన్నే కౌలుకు తీసుకున్నాడు. అంటే చెన్నపట్నంలో గుడ్డ ధర నిర్ణయించే మనిషే పొరుగు రేవులో సుంకం వసూలు చేసేవాడయ్యాడు. రెండు పట్నాలను పోటీదారులుగా చూస్తూ వచ్చిన మనకు ఇది ఆశ్చర్యం గాని, ఆయనకు రెండూ ఒకే వ్యాపారంలో రెండు వాకిళ్లు. వీరన్న 1680లో చనిపోయాడు. ఆ వెనువెంటనే పూనమల్లిలో గోల్కొండ అధికారిగా ఉన్న పొదిలి లింగప్పకూ కంపెనీకీ చెడింది. మాదన్న, అక్కన్నల పలుకుబడి ఉన్న రోజులవి. పట్నానికి వచ్చే సరుకును లింగప్ప దారిలో ఆపించాడు. ఊరి వెలుపల దారులు ఎవరి చేతిలో ఉంటే వారే బియ్యం ధర పెంచగలరన్న పాఠం కంపెనీకి అప్పుడు బాగా అర్థమైంది.

1687లో గోల్కొండ మొగలుల పాలయింది. చెన్నపట్నంలో ఆ మరుసటి ఏడు పురపాలక సంఘం ఏర్పడింది. దాని పన్నెండు మంది ఆల్డర్మెన్‌లలో, అంటే సభ్యులలో, పోర్చుగీసువారూ, చిన్న వేంకటాద్రి, ముద్దు వీరన్న వంటి తెలుగు వర్తకులూ ఉన్నారు. మొగలు అధికారులకు మాత్రం శాంథోమ్ వేరే రకంగా పనికివచ్చింది. చెన్నపట్నం మాట వినకపోతే వర్తకాన్ని శాంథోమ్‌కు తిప్పుతామని భయపెట్టడానికి అది చేతిలోని బెత్తం. 1702లో నవాబు దావూద్ ఖాన్ పన్నీ నెలల తరబడి చెన్నపట్నాన్ని చుట్టుముట్టి దారులు మూసినప్పుడు మకాం వేసినది శాంథోమ్‌లోనే. గవర్నరు థామస్ పిట్ చివరకు 25,000 రూపాయలు ఇచ్చి ముట్టడి ఎత్తివేయించుకున్నాడు.

ఆ పిట్‌కే అంతకంటే పెద్ద తలనొప్పి 1707లో వచ్చింది, అది బయటి సేన వల్ల కాదు, సొంత పట్నంలోని పెళ్లి ఊరేగింపు వల్ల. కుడిచేతి కులాలు, ఎడమచేతి కులాలు అన్న పక్షాల మధ్య ఏ వీధిలో ఎవరి పెళ్లి మేళం పోవచ్చునన్న తగవు అది. 1652లో ఒకసారి ఇలాగే రేగి, వీధుల వారీగా ఒప్పందం కుదిరింది. అర్ధశతాబ్దం గడిచేసరికి కొత్త వీధులు వచ్చాయి, పాత ఒప్పందం చాలలేదు. పందిరి గుంజలు, జెండాలు, మేళతాళాలు మనకు చిన్న విషయాలుగా కనిపించవచ్చు గాని, వీధి ఎవరిదన్న ప్రశ్నకు ఆ రోజుల్లో జవాబు చెప్పేది అవే. కంపెనీ ఇచ్చిన తీర్పు కుడిచేతివారికి నచ్చలేదు. అప్పుడు వాళ్లు తుపాకి పట్టలేదు, కోట మీదికి రాలేదు. మూటలు కట్టుకుని శాంథోమ్‌కు నడిచారు. వాళ్లలో వర్తకులే కాదు, పట్నానికి రోజూ కావలసిన పనివారూ ఉన్నారు.

ఇక్కడ పొరుగు పట్నం విలువ పూర్తిగా బయటపడుతుంది. నాలుగు రోజుల ప్రయాణ దూరంలో ఉన్న ఊరికి పోవాలంటే ముసలివారు, పసివారు, పశువులు అన్నీ ఆలోచించాలి. శాంథోమ్‌కు పొద్దున బయలుదేరితే కూడు చల్లారకముందే చేరవచ్చు. అక్కడ మొగలు అధికారి ఆదరిస్తాడు, ఇంగ్లీషు గవర్నరు ఆజ్ఞ చెల్లదు. అక్కడి నుంచి రాయబారాలు నడపవచ్చు, బేరం కుదిరితే సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. పిట్ మొదట గట్టిగా మాట్లాడాడు, బలప్రయోగం గురించి కూడా ఆలోచించాడు, కుడిచేతివారి పక్షం వహించాడని విలియం ఫ్రేజర్ అనే కౌన్సిలు సభ్యుడిని పదవి నుంచి తప్పించాడు. కాని ఓడలు వచ్చే కాలానికి గుడ్డ మూటలు సిద్ధం కావాలి, అవి లేకపోతే లండన్‌కు సంజాయిషీ చెప్పుకోవలసింది తానే. చివరకు హామీలిచ్చి, పెద్దనాయకన్ పేట కుడిచేతివారికి, ముత్యాలపేట ఎడమచేతివారికి అని హద్దులు పెట్టి, 1708లో వాళ్లను వెనక్కి రప్పించుకున్నాడు. దావూద్ ఖాన్ సేన ముందు నెలల తరబడి నిలిచిన మనిషిని వంచినది ఈ వలస. పరిపాలనలో తమకంటూ చోటు లేని జనానికి పక్క ఊరే ఓటు హక్కు వంటిదని నేను తరచు అంటుంటాను, అది అతిశయోక్తి కాదని ఈ ఘట్టం చదివిన ప్రతిసారీ అనిపిస్తుంది.

ఆ తరవాత కంపెనీ జనాన్ని కట్టిపడేసే పనిని ఇంకా శ్రద్ధగా చేసింది. 1708లో తిరువొత్తియూరు, నుంగంబాకం మొదలైన ఐదు ఊళ్లు దానికి దక్కాయి. గవర్నరు కాలెట్ తన పేరుతో నేతగాళ్ల పేట పెట్టించాడు, అదే నేటి కాలాడిపేట. 1734లో సుంకు రామ చెట్టి అనే వర్తకుడి తోటను తీసుకుని చింతాద్రిపేట వేశారు. తమిళంలో చిన్నతరిపేట, అంటే చిన్న మగ్గాల పేట. నూలు వడికేవారు, నేసేవారు, అద్దకంవారు, గుడిలో కొలువు చేసేవారు తప్ప వేరేవారు అక్కడ ఉండకూడదన్నది నియమం. సుంకు రామ చెట్టికి జరిగినది అన్యాయమేనని నా అభిప్రాయం. కాని వంద ఏళ్లయినా కంపెనీకి మగ్గాల ఆకలి తీరలేదన్నది దీనివల్ల తెలుస్తుంది.

ముగింపు త్వరగా వచ్చింది. 1746లో ఫ్రెంచివారు చెన్నపట్నాన్ని పట్టుకున్నారు. వెంటనే పుదుచ్చేరిలోని ఫ్రెంచి గవర్నరు డూప్లే చేసిన ప్రయత్నం గమనించదగ్గది. చెన్నపట్నపు వర్తకులను పుదుచ్చేరికి తరలిరమ్మని ఒత్తిడి చేశాడు. కోటను గెలిచినా వర్తకులు రాకపోతే గెలుపు సగమేనని ఆయనకూ తెలుసు. ఆ ఏడే అడయారు నది ఒడ్డున, శాంథోమ్ పక్కనే, ఆర్కాటు నవాబు కొడుకు మహఫూజ్ ఖాన్ పెద్ద సేనను పారాడిస్ నడిపిన చిన్న ఫ్రెంచి దళం చెదరగొట్టింది. దానితో శాంథోమ్ విషయంలో లెక్క మారిపోయింది. అప్పటిదాకా గోడలు లేని ఊరు గనక ముప్పు లేదనుకున్నారు. క్రమశిక్షణ గల కొద్దిమంది సైనికులు పెద్ద సేనలను ఓడించగలరని తేలాక, ఫ్రెంచివారు శాంథోమ్‌లో కాలు పెడితే చెన్నపట్నం ఊపిరి ఆడదు. 1749లో ఐరోపాలో కుదిరిన సంధి ప్రకారం చెన్నపట్నం తిరిగి చేతికి రాగానే, నవాబు మహమ్మదలీ పేరు మీద నౌకాధిపతి బాస్కవెన్ శాంథోమ్‌ను, మైలాపూరును ఆక్రమించాడు. డూప్లే నిరసన తెలిపాడు, గోవా నుంచి కూడా అభ్యంతరం వచ్చింది, కాని అప్పటికి పని అయిపోయింది. ఆ రోజు నుంచి చెన్నపట్నం వీధిలో కోపం వచ్చిన కుటుంబానికి నడిచి వెళ్లే చోటు లేకుండా పోయింది.

చివరగా ఒక దిద్దుబాటు. 1749లో రెండు పట్నాలూ ఒకటయ్యాయి అన్న మాట సర్కారు విషయంలోనే నిజం. ఎఫ్రెమ్ కాలంలో మొదలైన ఆ గుడి తగవు అప్పటితో తీరలేదు. మైలాపూర్ బిషప్పు పోర్చుగీసు రాజు పోషణ కిందనే కొనసాగాడు. చెన్నపట్నపు కేథలిక్కులు కపుచిన్ల దారిలో రోము కిందికి పోయారు. నేడు కనిపించే శాంథోమ్ పెద్ద గుడిని 1896లో కట్టినప్పుడు కూడా ఐదు కిలోమీటర్ల వ్యవధిలో రెండు వేరు వేరు పీఠాలు ఉన్నాయి. మద్రాసు, మైలాపూర్ అగ్రపీఠం పేరుతో ఆ రెంటినీ కలిపినది 1952లో, అంటే దేశం నుంచి ఇంగ్లీషువారు వెళ్లిపోయిన ఐదేళ్లకు.